ఆరో ఎక్కం, నాలుగు హెల్మెట్లు: స్పీడ్‌వే వరల్డ్ కప్‌లో నా అనుభవం

స్పీడ్‌వే అనే బైకుల రేసు చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో పెన్ను పెట్టుకోవాలని నాకెవరూ చెప్పలేదు. టికెట్ గురించి చెప్పారు, చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పారు, తెల్ల చొక్కా వద్దని ఆఫీసులో ఒకావిడ మరీ మరీ చెప్పింది. పెన్ను సంగతి మాత్రం లోపలికెళ్లి కూర్చున్నాకే తెలిసింది. నా వరసలో సగం మంది ఒళ్లో కాగితాలు పరుచుకుని, పరీక్ష హాల్లో పిల్లల్లా తలలు వంచుకుని ఉన్నారు.

ఉద్యోగం మీద పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌కు వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ఎండాకాలం కొన్ని సాయంత్రాలు ట్రామంతా పసుపు, ఎరుపు కండువాలతో నిండిపోయేది. అందరూ ఒకే చోట దిగేవాళ్లు, ఒలింపిక్ స్టేడియం దగ్గర. ఈ ఊళ్లో ఒలింపిక్స్ ఎప్పుడు జరిగాయబ్బా అని వెతికితే, ఎప్పుడూ జరగలేదు. ఊరు జర్మనీలో ఉండి బ్రెస్లావ్ అనే పేరుతో ఉన్న రోజుల్లో, 1920లలో, రిచర్డ్ కోన్వియార్జ్ అనే ఆర్కిటెక్ట్ ఈ స్టేడియానికి రూపం ఇచ్చాడు. అప్పట్లో ఒలింపిక్స్‌లో కళలకు కూడా పతకాలు ఉండేవి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈ డిజైనుకు కంచు పతకం వచ్చింది. అంటే పతకం గెలిచింది ఆటగాడు కాదు, స్టేడియమే.

ఆ కండువాల వాళ్లు వెళ్లేది ఫుట్‌బాల్‌కని చాలా రోజులు అనుకున్నాను. ఆఫీసులో అడిగితే అందరూ నవ్వి ఒకే మాట చెప్పారు: జుజెల్. పోలిష్‌లో ఆ మాటకు బొగ్గు కాలాక మిగిలే చిట్టెం అని అర్థం. పాత రోజుల్లో ట్రాకు మీద అదే పరిచేవాళ్లట. చూసిన జనం మొహాలు కూడా నల్లబడేవి కాబోలు, దీన్ని ఇప్పటికీ ‘నల్ల ఆట’ అంటారు. మిగతా ప్రపంచానికి ఇది స్పీడ్‌వే.

2023 మే నెలలో ఒక లీగ్ మ్యాచ్‌కి వెళ్లాను. చవగ్గా వస్తోందని మొదటి మలుపు దగ్గర సీటు తీసుకున్నాను. ఎందుకు చవకో మొదటి రేసుకే అర్థమైంది.

నాలుగు బైకులు తెల్లటి గీత దగ్గర నిలబడ్డాయి. ముందు అడ్డంగా టేపులు. ఇంజన్ల రొద పెరిగి పెరిగి ఇక పేలిపోతుందేమో అనిపించిన క్షణంలో టేపులు చటుక్కున పైకి లేచాయి. నాలుగూ ఒకేసారి మా వైపు దూకాయి. ఈ బైకులకు బ్రేకులుండవు. మాటవరసకు కాదు, నిజంగానే ఉండవు. 500 సీసీ ఇంజన్, ఒకే సిలిండర్, ఒకటే గేరు, పెట్రోలు బదులు మిథనాల్. మలుపు రాగానే రైడర్ వేగం తగ్గించడు, వెనక చక్రాన్ని కావాలని జారనిస్తాడు. బైకు ఎడమకు తిరుగుతుంటే ముందు చక్రం కుడికి చూస్తుంటుంది. ఎడమ బూటు కింద ఇనప రేకు ఉంటుంది, దాన్ని నేలకు ఆనించి రాసుకుంటూ పోతాడు. ఆ జారుడులో వెనక చక్రం చిమ్మే మట్టి జనం మీదికి వానలా వచ్చి పడుతుంది. పోలిష్‌లో దీన్ని ష్ప్రిత్సా అంటారు. మొదటి రేసుకే నా చొక్కా, నా జుట్టు, నా కాఫీ ష్ప్రిత్సా అయిపోయాయి.

ఒక్క సంగతి మాత్రం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. వాసన. బైకులు వెళ్లిపోయాక గాల్లో మాడిన ఆముదం వాసన తేలింది. భ్రమ అనుకున్నాను. కాదు, మిథనాల్‌తో నడిచే రేసు ఇంజన్లలో ఆముదంతో చేసిన నూనె వాడటం పాత అలవాటేనట. చిన్నప్పుడు ముక్కు మూసి పట్టించిన ఆముదం, అంత దూరంలో, ముప్పై ఏళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

నాలుగు ల్యాప్‌లు, దాదాపు ఒక నిమిషం, అంతే. ఒక హీటు, అంటే ఒక రేసు, అయిపోయింది. జనం అరుపు ఆగింది. అంతలో ఒక్కసారిగా అందరూ తలలు వంచి రాసుకోవడం మొదలుపెట్టారు.

నా పక్క సీట్లో డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దాయన ఉన్నాడు. కండువా లేదు, టోపీ లేదు. ప్రోగ్రామ్ పుస్తకాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. బైకులు మలుపులోకి రాగానే దాన్ని కోటు లోపలికి తోసేసేవాడు, అవి దాటగానే మళ్లీ బయటకు తీసేవాడు. నా ఒళ్లో అదే ప్రోగ్రామ్ మట్టికొట్టుకుపోయి ఉండటం చూసి జాలిపడ్డాడో ఏమో, లోపలి జేబులోంచి రెండో పెన్ను తీసి ఇచ్చాడు. అంటే రెండు పెన్నులతో వచ్చే మనిషన్నమాట.

నా పోలిష్, ఆయన ఇంగ్లీషు రెండూ కుంటుకుంటూ నడిచేవే. పరిచయం లేనివాళ్లను పోలిష్‌లో ‘పాన్’ అంటారు, మన ‘గారు’ లాంటిది. ఆయన నన్ను పాన్ అన్నాడు, నేను ఆయన్ని పాన్ అన్నాను. ఆ రోజు నుంచి చివరిదాకా మాకు ఒకరి పేరు ఒకరికి తెలియదు.

లీగ్ లెక్క తేలిక. ఒక మ్యాచ్‌కు పదిహేను హీట్లు. ఒక్కో హీట్‌లో రెండు క్లబ్బుల నుంచి ఇద్దరిద్దరు. సొంత ఊరి జట్టుకు ఎరుపు, నీలం హెల్మెట్లు, వచ్చిన జట్టుకు తెలుపు, పసుపు. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, చివరివాడికి సున్నా. ప్రోగ్రామ్‌లో ప్రతి రైడర్ పేరు పక్కన ఖాళీ గడులుంటాయి, అందులో నింపుకుంటూ పోవాలి. ఇంతేగా అనుకున్నాను.

సున్నాలు రకరకాలుగా ఉంటాయని తర్వాత తెలిసింది. చివర్లో వస్తే మామూలు సున్నా. పడిపోతే గడిలో ‘ఉ’ అని రాయాలి, ఉపాదెక్, అంటే పడటం. బైకు మొరాయిస్తే ‘దె’, దెఫెక్ట్. స్టార్టులో టేపు తాకితే ‘తె’. రిఫరీ బయటికి పంపిస్తే ‘వు’. అన్నిటి విలువా సున్నానే, మరి తేడా ఎందుకని అడిగాను. పెద్దాయన తన పెన్నుతో గడిని తట్టి, “సున్నా రాస్తే ఆ కుర్రాడు చేతకానివాడని అర్థం. దె రాస్తే మెకానిక్‌ది తప్పు. ఇంటికెళ్లి వారం తర్వాత చూసుకున్నా ఎవరిని తిట్టాలో తెలియాలి కదా” అన్నాడు.

ఒకటి పక్కనో రెండు పక్కనో చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంటుంది. తన జట్టువాడి వెనకే వచ్చి రెండు పాయింట్లో ఒక పాయింటో తెచ్చినవాడికి అది బోనస్. సొంతవాణ్ని దాటడానికి ప్రయత్నించకుండా, వెనకవాళ్లను ఆపుతూ వచ్చినందుకు మర్యాద.

ఇవన్నీ రాస్తూ ఆరో హీటుకల్లా నేను మునిగిపోయాను. ఎవడు మొదట వచ్చాడో తెలుస్తోంది గానీ, మూడో స్థానం ఎవడిదో పట్టుకోలేకపోతున్నాను. నీలం ముందా, పసుపు ముందా? పెద్దాయన కాగితం వైపు దొంగచూపులు చూడటం మొదలుపెట్టాను. ఆయన దాచలేదు. ఒక మాట మాత్రం అన్నాడు: “మొదటివాణ్ని అందరూ చూస్తారు. మీరు మూడోవాణ్ని చూడండి.”

ఆరో ఎక్కం సంగతి చెప్పింది కూడా అప్పుడే. మూడు, రెండు, ఒకటి, సున్నా, కలిపితే ఆరు. ఏ హీటైనా ఆరే. ఒకణ్ని బయటికి పంపి మిగిలిన ముగ్గురితో మళ్లీ పరిగెత్తించినా మూడు, రెండు, ఒకటే, మళ్లీ ఆరే. ఇద్దరు గీత దాటకపోతే తప్ప ఈ లెక్క తప్పదు. కాబట్టి ఏ హీటు తర్వాతైనా రెండు జట్ల మొత్తం కలిపి చూస్తే ఆరో ఎక్కంలోని అంకె రావాలి. రాలేదంటే ఎక్కడో తప్పు రాశామన్నట్టు. ఆరు ఒకట్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు, ఆరు మూళ్లు పద్దెనిమిది. రెండో తరగతిలో గట్టిగా అరిచి అప్పజెప్పింది ఇన్నాళ్లకు పనికొచ్చింది. పదిహేను హీట్లకు తొంభై. నా కాగితం ఆ రోజు ఎనభై ఆరు చూపించింది.

ఆ తర్వాత ఇంకో రెండు మ్యాచ్‌లకు వెళ్లాను. ఎనభై తొమ్మిదిదాకా వచ్చాను.

జూన్‌లో ఊరంతా పోస్టర్లు వెలిశాయి. స్పీడ్‌వే వరల్డ్ కప్ తిరిగొస్తోంది, అది కూడా మా ఊరికే. దాని వెనక ఒక చిన్న కథ ఉంది. దేశాల జట్లకు స్పీడ్‌వే ప్రపంచ పోటీ 1960లో స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో మొదలైంది, ఆ ఏడాది స్వీడనే గెలిచింది. 2001లో దాన్ని మార్చి వరల్డ్ కప్ అన్నారు. గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీకి ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన స్వీడన్ రైడర్ ఓవె ఫుండిన్ పేరు పెట్టారు. 2017 తర్వాత అది ఆగిపోయి, దాని స్థానంలో స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్ వచ్చింది. అందులో దేశానికి ఇద్దరు రైడర్లు జంటగా పరిగెత్తుతారు. పోలండ్‌కి కడుపుమంటగా ఉండేది అదే. వరల్డ్ కప్‌ను అప్పటికి ఎనిమిదిసార్లు గెలిచిన దేశం, జంటల పోటీలో ఒక్కసారి కూడా గెలవలేదు. మొదటి మూడేళ్లూ రష్యా ఎగరేసుకుపోయింది. 2021లో మాంచెస్టర్‌లో బ్రిటన్ గెలిచింది, 2022లో డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో ఆస్ట్రేలియా. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా రైడర్లను అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య నిషేధించింది.

జంటల పోటీలో పాయింట్ల లెక్క కూడా వేరు: నాలుగు, మూడు, రెండు, సున్నా. ఎందుకంటే ఒక జట్టులో ఒక్కడే మొనగాడుండి, రెండోవాడు చివర్లో వస్తే, ఆ జట్టుకు నాలుగు. రెండో, మూడో స్థానాల్లో కలిసొచ్చిన ఎదుటి జంటకు ఐదు. ఒంటరి మొనగాడి కంటే ఇద్దరు మామూలువాళ్లు మేలన్నమాట. తెలివైన ఏర్పాటే. అయినా నా ఓటు పాత నాలుగు దేశాల పద్ధతికే. ఎందుకో ఫైనల్ చూశాక తెలిసింది.

టికెట్ కొనడం గురించి ఎక్కువ చెప్పను. సైటు రెండుసార్లు వేలాడింది, మూడోసారి డబ్బులు కట్ అయ్యి టికెట్ రాలేదు, రెండు రోజుల టెన్షన్ తర్వాత మెయిల్లో వచ్చింది. మొదటి మలుపు మాత్రం తీసుకోలేదు. పెద్దాయన సలహా మీద స్టార్టు గీతకు ఎదురుగా, కాస్త పైవరసలో తీసుకున్నాను. “అక్కణ్నించి గీత దాటేది తిన్నగా కనిపిస్తుంది. మట్టి తినడం కుర్రాళ్ల పని” అన్నాడు. ఆయన కూడా ఆ వైపుకే మారాడు.

పోటీలన్నీ ఒకే వారంలో, ఇదే స్టేడియంలో. సెమీఫైనల్స్ రెండు, రేస్-ఆఫ్ అనే ఆఖరి అవకాశం ఒకటి, జులై 29 శనివారం ఫైనల్. ఆఫీసు వల్ల వారం రోజుల్లో వెళ్లలేకపోయాను, నేరుగా ఫైనల్‌కే. ఈసారి ఒకటి కాదు, మూడు పెన్నులు పట్టుకెళ్లాను. అట్ట ఒకటి, కాగితం ఎగరకుండా క్లిప్పు ఒకటి. ఆఫీసావిడ ఇంట్లోంచి పిల్లాడి చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లు ఇచ్చింది. ఈ సరంజామా చూసి గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు జర్నలిస్టువా అని అడిగాడు.

ప్రోగ్రామ్ తెరవగానే గుండె జారింది. మూడు మ్యాచ్‌లు కష్టపడి నేర్చుకున్నదంతా అక్కడ సగం పనికిరాదు. రెండు జట్లు కాదు, నాలుగు: పోలండ్, బ్రిటన్, డెన్మార్క్, ఆస్ట్రేలియా. ఒక్కో హీట్‌లో ఒక్కో దేశం నుంచి ఒక్కడే. హీట్లు ఇరవై. రంగుల లెక్క కూడా మారింది. ఒక దేశానికి రాత్రంతా ఒకటే రంగు హెల్మెట్. అది కొంత ఊరట, కానీ స్టార్టు గీత మీద చోట్లు (వాటిని గేట్లు అంటారు) మాత్రం హీటు హీటుకూ మారుతుంటాయి. లోపలి గేటుకు దారి దగ్గర. బయటి గేటువాడికి దూరం ఎక్కువ, కానీ అక్కడ మట్టి మెత్తగా మిగిలి ఉంటే చక్రానికి పట్టు దొరికి వాడే ముందుకు దూకుతాడు. ట్రాక్టర్లు వచ్చి ట్రాకు చదును చేసి, నీళ్లు చల్లి వెళ్లాక ఏ గేటు మంచిదన్నది మళ్లీ తిరగబడుతుంది. కాబట్టి పాయింట్ల పక్కన గేటు నంబరు కూడా చిన్నగా రాసుకోవాలట. అది నా వల్ల కాదని మొదట్లోనే చేతులెత్తేశాను.

అప్పుడు గమనించాను, కాగితం మీద ఎక్కడా బోనస్ నక్షత్రం గుర్తుకు పనిలేదు. పక్కన తనవాడే లేనప్పుడు ఎవడి వెనక మర్యాదగా రావాలి? నాలుగు దేశాల పద్ధతిలో జట్టు ఆటే గానీ, టేపులు లేచాక ప్రతివాడూ ఒంటరే. కాపు కాసేవాడు లేడు. పిట్స్‌లో, అంటే బైకులు సిద్ధం చేసుకునే చోట, కూర్చున్న మిగతావాళ్లు ఏమీ చేయలేరు. మేనేజర్ ఒకడికి బదులు రిజర్వు రైడర్‌ను దించగలడు, అంతకు మించి ఆయనా ప్రేక్షకుడే. లీగ్‌లో గెలుపు ఇద్దరు కలిసి అల్లేది. ఇక్కడ ఒక్కొక్కడూ తన వంతు చిల్లర తెచ్చి ఒకే డబ్బాలో వేయాలి. నాకు నచ్చింది ఈ ఒంటరితనమే.

ఇంకో తమాషా. స్టేడియంలో జనమంతా తెలుపు, ఎరుపు, పోలండ్ జెండా రంగులు. జాతీయ గీతానికి లేచి నిలబడితే ఒళ్లు గగుర్పొడిచింది, నాది కాని దేశమైనా. కానీ బ్రిటన్ రైడర్లను పరిచయం చేసేటప్పుడు డాన్ బ్యూలీ పేరు వినగానే ఊరు జనం చప్పట్లు కొట్టారు. లీగ్‌లో బ్యూలీ అప్పుడు వ్రోత్స్వాఫ్ స్పార్తా క్లబ్బు మనిషి. మూడుసార్లు ప్రపంచ విజేత, బ్రిటన్‌వాడు తాయ్ వొఫిండెన్‌ది కూడా అప్పటికి ఏళ్లుగా ఇదే క్లబ్బు. ఊరి పిల్లల చొక్కాల వెనక వాళ్ల పేర్లే ఉండేవి. ప్రపంచంలో పేరున్న స్పీడ్‌వే రైడర్లలో ఎక్కువమంది పోలండ్ లీగ్‌లోనే బతుకుతారు. ఇక్కడి ట్రాకుల మీదే నేర్చుకుని, ఇక్కడే డబ్బు సంపాదించుకుని, ఏడాదికోసారి తమ దేశం రంగులు వేసుకుని ఇక్కడివాళ్ల మీదికే వస్తారు. మాకు రెండు వరసల ముందు ఒక పాప బ్యూలీ పేరున్న పసుపు టోపీ పెట్టుకుని, చేతిలో పోలండ్ జెండా ఊపుతోంది. వాళ్ల నాన్న ఏమీ అనలేదు.

మొదటి నాలుగైదు హీట్లు చక్కగా నడిచాయి. ట్రాకు 352 మీటర్లు, నాలుగు చుట్లు. నేను ఒక పద్ధతి కనిపెట్టుకున్నాను. రెండో చుట్టుదాకా ఊరికే చూడటం, మూడో చుట్టు నుంచి మూడు, నాలుగు స్థానాల మీదే కన్నేసి ఉంచడం, గీత దాటగానే వెనకనుంచి ముందుకు రాసుకోవడం: సున్నా, ఒకటి, రెండు, మూడు. గెలిచినవాణ్ని చివర్లో రాసినా ఫరవాలేదు, వాడి పేరు మైకులో చెబుతారు, జనం అరుస్తారు. ఒక పాయింటు తెచ్చుకున్నవాడి కోసం ఎవరూ అరవరు. వాణ్ని మనమే పట్టుకోవాలి.

అలా చూడటం మొదలుపెట్టాక ఆట మొహమే మారిపోయింది. ముందున్నవాడికి శుభ్రమైన గాలి. వెనకవాడికి మట్టి, కళ్లద్దాల మీద పొరలు పీకి పారేసుకుంటూ, ఏమీ కనిపించని మలుపులో ఊహతో జారుతుంటాడు. అసలు యుద్ధం ఆ మట్టి మేఘంలో జరుగుతుంది. మూడో స్థానంలో ఉన్నవాడు లోపలి గీతకు అతుక్కుని వస్తుంటాడు, నాలుగోవాడు బయట, గోడ పక్కనుంచి దూసుకొస్తాడు. చివరి మలుపులో చక్రం పొడవంత తేడా. మెరిసేదేమీ లేదు అందులో, ఒక్క పాయింటు. అప్పటికి మా పెద్దాయన మాట గుర్తొచ్చి ఆయన వైపు చూశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు, రాసుకుంటున్నాడు.

పన్నెండో హీటు అయ్యాక చిన్న విరామం వచ్చింది. ట్రాక్టర్లు దిగాయి. లెక్క చూసుకుందామని నాలుగు నిలువు వరసలూ కూడాను. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు రావాలి. డెబ్బై ఒకటి వచ్చింది. మళ్లీ కూడాను. డెబ్బై ఒకటే. మళ్లీ టెన్షన్. స్క్రీన్ మీద అధికారిక స్కోరు కనిపిస్తూనే ఉంది, దాన్ని చూసి దిద్దుకోవచ్చు. నేను అటు చూడబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “అది మోసం. వరసలు చూసుకోండి, నిలువు కాదు, అడ్డం.” అడ్డంగా ఒక్కో హీటూ కూడుతూ పోతే మధ్యలో ఒక చోట మూడు, రెండు, సున్నా, సున్నా. ఆ హీటు అయ్యేటప్పుడు రీప్లే చూస్తూ కూర్చుని, మూడోవాడి గడిలో కూడా సున్నా పెట్టేశాను. పెద్దాయన తన కాగితం తెరిచి చూపించాడు. “డెన్మార్క్‌కి ఒక పాయింటు బాకీ ఉన్నారు, పాన్.” దిద్దాను. డెబ్బై రెండు. ఈ నెలజీతం వచ్చినప్పుడు కూడా అంత ఊపిరి పీల్చుకోలేదు.

ఆ విరామంలోనే ఆయన తన సంగతి కొంచెం చెప్పాడు. 1961లో ఈ స్టేడియంలోనే ప్రపంచ జట్ల ఫైనల్ జరిగింది, పోలండ్ తొలిసారి గెలిచింది. ఆయనకు ఏడేళ్లు. నాన్న భుజాల మీద కూర్చుని చూశాడు. కనిపించింది తక్కువ, జనం టోపీలు గాల్లోకి ఎగరడం మాత్రం గుర్తుందన్నాడు. ఆ రోజు ప్రోగ్రామ్ నాన్న నింపాడు, అది ఇంకా ఇంట్లో ఉంది. 2001లో మొదటి వరల్డ్ కప్ ఫైనల్ కూడా ఇక్కడే. అది ఆస్ట్రేలియా పట్టుకుపోయింది, ఆ కాగితం కూడా ఉంది. 2005ది ఉంది, పోలండ్ గెలిచింది. 2018లో ఇక్కడ జరిగిన మొదటి జంటల ఫైనల్‌ది? ఆ ప్రశ్నకు ఆయన చెయ్యి ఊపేశాడు. ఆ కాగితం ఉంది గానీ, చివరి గడులు నింపలేదట.

తర్వాతి ఎనిమిది హీట్లలో నా చేతిరాత నాకే అర్థం కాకుండా పోయింది. పోలండ్, బ్రిటన్ ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. బార్తోష్ జ్మార్జ్‌లిక్, అప్పటికే మూడుసార్లు వ్యక్తిగత ప్రపంచ విజేత, గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా జనం లేచి నిలబడటం, నా ముందున్నవాళ్ల వీపులు తప్ప నాకేమీ కనిపించకపోవడం. నేనూ లేచి నిలబడితే అట్ట జారి కింద పడింది. ఎవరో అందించారు, అందిస్తూ నా గడులు ఒకసారి చదివి తల ఊపారు, సరిగ్గానే ఉందన్నట్టు. “పోల్స్కా, బియావో-చెర్వోనీ” అని నలభై దిక్కుల నుంచి అరుపు. తెలుపు-ఎరుపు అని అర్థం. నేను అరవలేదు. అరిస్తే మూడోవాడు తప్పిపోతాడని భయం.

ఇరవయ్యో హీటు రాసి గీత కొట్టాక పోలండ్ వరసలో ముప్పై మూడు, బ్రిటన్ వరసలో ముప్పై ఒకటి. ఇరవై హీట్లలో రెండంటే రెండు పాయింట్ల తేడా. జనం సీట్ల మీద ఎక్కి గంతులేస్తున్నారు. తొమ్మిదోసారి వరల్డ్ కప్ అది పోలండ్‌కు. బాణసంచా పేలుతోంది. నేను మాత్రం కాగితం మీద వేలితో వెతుకుతున్నాను, ఆ రెండు పాయింట్లు ఎక్కడివా అని. మూడులలో కాదు, అవి రెండు జట్లకూ ఉన్నాయి. ఒకటీ, రెండూ గడులు చూస్తే ఎన్ని చోట్ల అది ఇటైనా అటైనా అయ్యేదో! ఎవడో ఒకడు చివరి మలుపులో మట్టి మింగుతూ వదలకుండా తెచ్చిన ఒకటి. ఆ రైడర్ పేరు ఆ రాత్రి ఎవరూ తలుచుకుని ఉండరు.

పెద్దాయన గంతులేయలేదు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని కోటు లోపల పెట్టి, గుండీ పెట్టుకున్నాక ఒకసారి టోపీ లేని తల మీద చెయ్యి పెట్టుకుని గాల్లోకి విసిరినట్టు చేశాడు. తర్వాత నాకు చెయ్యి అందించి, జనంలో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ట్రామ్ స్టాపులో గంటసేపు నిలబడ్డాను. ఎక్కాక కిటికీ పక్కన ఒరిగి, ఒక్కో రైడర్ పాయింట్లు విడిగా కూడటం మొదలుపెట్టాను. జట్ల మొత్తాలు సరిపోయాయి గానీ ఆస్ట్రేలియాలో ఒక రైడర్ లెక్క మాత్రం కుదరడం లేదు. రెండు స్టాపులు పోయాక ఎదురుగా నిలబడ్డ కుర్రాడు తన బ్యాగులోంచి నలిగిపోయిన ప్రోగ్రామ్ తీసి నా మోకాలి మీద పరిచాడు. ఇద్దరం హీటు హీటూ పోల్చుకుంటూ వచ్చాం. పదహారో వరస దగ్గర వాడి వేలు ఆగింది. “ఇక్కడ నీది ఒకటి, నాది రెండు” అన్నాడు. ఎవరిది తప్పో తేలేలోపు నా స్టాపు వచ్చింది. నేను దిగలేదు.